ఒక కప్పు రైస్

మా ఆవిడ ఒంటికి ఈ యాభై ఏళ్లలో చాలా పేర్లు వచ్చాయి. పెళ్లిచూపులకు బాపట్ల వెళ్లి వచ్చిన రోజున మా అమ్మ వాడిన మాట "ఒళ్లున్న పిల్ల". అది మెచ్చుకోలు. మా ఇంట్లో అందరం సన్నగా, పొడుగ్గా ఉండేవాళ్లం. స్కూల్లో నన్ను గడకర్ర అని పిలిచేవారు. కాస్త ఒళ్లున్న కోడలు వస్తే ఇంటికి నిండుదనం వస్తుందని మా అమ్మ నమ్మకం. బాపట్లలో మా అత్తగారు ఆడపిల్లలు ఈడేరిన దగ్గర్నుంచీ మినప సున్నుండలు చేసి డబ్బాలకెత్తి ఉంచేవారు. రోజుకు రెండు తినకపోతే ఊరుకునేవారు కాదట. అలా పెరిగిన మనిషి మా ఆవిడ.

అమ్మాయి పుట్టాక "ఒళ్లు చేసింది" అన్నారు. అందులో కూడా తప్పు పట్టేదేమీ లేదు. తరవాత "బొద్దుగా ఉంటారు" అయింది. జాకెట్లు కుట్టే ఆయన నోట "భారీ మనిషి" అయింది. కిందటేడు ఎముకల డాక్టరుగారు కాగితం మీద ఇంగ్లీషులో ఒబీసిటీ అని రాశారు. ఒళ్లు కొంత మారిన మాట నిజమే. మాటలు అంతకంటే ఎక్కువ మారాయి.

నాకు మాత్రం ఒకటే మాట. "చిక్కిపోయావేంటి?" రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చాలా కాలం రేపల్లెలో పనిచేశాను. టికెట్టు కిటికీలోంచి నా మొహం మాత్రమే కనిపించేది. అయినా అడిగేవారు. మేమిద్దరం కలిసి ప్లాట్‌ఫారం మీద నడిచి వస్తుంటే తోటి ఉద్యోగి ఒకాయన "అదిగో, పది వస్తోంది" అనేవాడు. ఒకటి నేను, పక్కన సున్నా ఆవిడ. ఒకసారి ఆ మాట ఆవిడ చెవిన పడింది.

"అన్నయ్యగారూ, సున్నా పక్కనుండబట్టేగా ఆయన పదయ్యారు. లేకపోతే ఉత్త ఒకటేగా" అంది.

ఆయన ఆ తరవాత ఆ జోకు వెయ్యలేదు.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆ రోజు బండి ఎంత ఆలస్యం, వాన పడిందా లేదా, ఇంటికి ఎవరొచ్చారు, ఏం వండారు, నేను ఏం తిన్నాను. అంతకు మించి గొప్ప విషయాలేమీ ఉండవు. రిటైరయ్యాక తెనాలిలో చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాం. రైళ్ల ఆలస్యం రాయడం పోయింది. మిగతావన్నీ అలాగే సాగుతున్నాయి.

రెండేళ్లుగా మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మొదట తైలాలు రాసింది, తరవాత మాత్రలు మింగింది. రేపల్లెలో ఉన్న వాళ్లక్కను చూడడానికి నెలకోసారి ప్యాసింజరులో వెళ్లే మనిషి, మెట్టు ఎక్కలేక మానేసింది. నేను కింద నుంచి పట్టుకుని ఎక్కిస్తానంటే, "మీరు పడితే నేను మీ మీద పడాలి. ఇద్దరికీ ఒకేసారి కట్లు కడతారు" అంది. చివరికి ఎముకల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన ఎక్సురే చూసి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మార్చాల్సిందే అన్నారు.

"కానీ ముందు ఎనిమిది కిలోలు తగ్గి రండమ్మా. తగ్గకుండా నేను ఆపరేషన్ చెయ్యను. చేసినా మీకే ఇబ్బంది."

బరువు చూసే మిషన్ ఆవిడ జీవితంలో ఎప్పుడూ ఎక్కలేదు. స్టేషన్లలో రంగు బల్బులు వెలుగుతూ టికెట్టు ఇచ్చే మిషన్లు ఉండేవి. పిల్లా జెల్లా అందరూ ఎక్కేవారు, ఆవిడ మాత్రం అటు కన్నెత్తి చూసేది కాదు. ఆసుపత్రిలో ఆ రోజు తప్పలేదు. చెప్పులు విప్పింది. చేతిసంచి నాకిచ్చింది. కళ్లజోడు తీసి అదీ ఇచ్చింది.

"గాజులు కూడా తియ్యనా అమ్మాయ్?" అని నర్సును అడిగింది.

"గాజులెంతుంటాయండీ, ఎక్కండి" అంది నర్సు.

ఎక్కి కళ్లు మూసుకుంది. నర్సు అంకె పైకి చెప్పబోతుంటే, "రాసుకో తల్లీ, చెప్పక్కర్లేదు" అంది.

మా అమ్మాయి బాపట్లలో టీచరు. మాకు ఒక్కతే. ఆదివారాలు వీలైనప్పుడు తెనాలి వచ్చి వెళ్తుంది. తల్లి సంగతి తెలియగానే, బరువు తగ్గడమంటే ఎవరికి తోచినట్టు వాళ్లు పస్తులుండడం కాదని, డైటీషియన్‌కి చూపించాలని పట్టుబట్టింది. తానే ఫోన్లో టైము తీసుకుంది. ఆ క్లినిక్కు మా ఊళ్లోనే, ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మోకాళ్లు పట్టుకుని ఎక్కేసరికి చాలాసేపు పట్టింది.

డైటీషియన్ చిన్న వయసు పిల్ల. హైదరాబాదులో పుట్టి పెరిగింది, పెళ్లయి ఇటు వచ్చింది. నవ్వుమొహం. మమ్మల్ని ఆంటీ, అంకుల్ అంది.

"మార్నింగ్ ఏం తింటారాంటీ?"

"ఏముందమ్మా, పొద్దున ఏమీ తినను."

"ఏమీ తినరా?"

"టిఫిన్ చేస్తా."

ఆ పిల్ల పెన్ను ఆపి నా వంక చూసింది. నేను చెప్పాను. మా వైపు తినడమంటే అన్నం తినడం. టిఫిన్ చేస్తాం, కాఫీ తాగుతాం, జంతికో అరటిపండో నోట్లో వేసుకుంటాం. ఇవేవీ తినడం కిందికి రావు. పెళ్లిలో పూరీలు, గారెలు కడుపు నిండా లాగించి వచ్చిన మనిషి కూడా ఇంటికొచ్చి "ఏమీ తినలేదు, కాస్త మజ్జిగన్నం పెట్టు" అంటాడు. అబద్ధం చెబుతున్నానని అతను అనుకోడు.

"ఓకే. టిఫిన్ ఏం చేస్తారు?"

"ఇడ్లీ."

"ఎన్ని?"

"నాలుగో అయిదో. మిగిలితే ఇంకోటి."

"మిగిలితేనా?"

"పారేస్తామా తల్లీ?"

ఇలా గంటసేపు సాగింది. నోట్లో వేసుకునేవాటిని కూడా ఒక్కొక్కటే రాబట్టి రాసుకుంది. అప్పటికప్పుడు ఏమేం మానాలో, ఏమేం ఎంత తినాలో చెప్పింది. పొద్దున రెండిడ్లీలు. కాఫీలో పంచదార వద్దు. రాత్రికి రెండు పుల్కాలు, కూర. మధ్యాహ్నం సంగతి వచ్చేసరికి సొరుగులోంచి గీతలున్న ప్లాస్టిక్ కప్పు ఒకటి తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"లంచ్‌కి రైస్ ఒక కప్పు ఆంటీ. దీంతో కొలుచుకోండి. ఎక్కువొద్దు. తక్కువ కూడా వద్దు. చాలామంది తొందరగా తగ్గాలని కడుపు మాడ్చుకుంటారు, అలా చెయ్యకూడదు. కప్పు మొత్తం తినాలి."

"అలాగేనమ్మా" అంది మా ఆవిడ. కప్పును కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి రాగానే దాన్ని కడిగి, ఆరబెట్టి, బియ్యం డబ్బాలో వేసింది. అంతకుముందు అక్కడ పాత పాలడబ్బా ఉండేది. కొలతపాత్ర ఉండే చోటు అదే. మా ఇళ్లలో కొలిచేది బియ్యాన్నే. అన్నాన్ని హస్తం గరిటెతో తీసి వడ్డిస్తాం, చాలనేదాకా వడ్డిస్తాం. మొదటిసారి పెట్టినదానితో లేవనివ్వం, మారు అడుగుతాం. "ఆ ఇంట్లో అన్నం కొలిచి పెడతారు" అన్నారంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. అందుకని ఆ కప్పు బియ్యం డబ్బాలో కనిపిస్తే నాకు ఏమీ తేడా అనిపించలేదు. ఎవరికైనా అనిపిస్తుందనుకోను.

మా ఆవిడ ఆ రోజు నుంచి డైటీషియన్ చెప్పింది చెప్పినట్టు చేసింది. తన అన్నం తాను వేరేగా చిన్న కుక్కరులో వండుకోవడం మొదలుపెట్టింది. కాఫీ చేదుగా తాగి మొహం చిట్లించేది. నందివెలుగు నుంచి మాకు పాలు తెచ్చే ఆమె జున్నుపాలు తెస్తే నాకు మాత్రం కాచి పెట్టింది, తాను చెంచాడు రుచి చూడలేదు. అంగలకుదురులో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా ఇంటికొచ్చి చెయ్యి కడక్కుండా వెళ్తావా వదినా? ఏం తప్పు చేశామని?"

"నువ్వేం తప్పు చెయ్యలేదు. నా మోకాళ్లు చేశాయి" అంది.

నెల తరవాత మళ్లీ ఆ మెట్లు ఎక్కాం. మిషన్ మీద అరకిలో ఎక్కువ చూపించింది.

డైటీషియన్ మర్యాదగానే అడిగింది. నేను నేర్పిన మాటతోనే అడిగింది.

"మధ్యమధ్యలో ఏమైనా నోట్లో వేసుకుంటున్నారా ఆంటీ?"

"లేదమ్మా."

"స్వీట్స్? పల్లీలు?"

"ఏమీ లేదమ్మా. ఒట్టు."

"పర్లేదు, ఇంకో నెల చూద్దాం."

రెండో నెల చివర ఇంకో కిలో పెరిగింది.

ఆ ఆదివారం మా అమ్మాయి వచ్చింది. డైటీషియన్ ఫోన్లో చెప్పినట్టుంది, వస్తూనే వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలు తీసి చూడడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో జంతికలు కనిపించాయి.

"ఇవెవరికి?"

"మీ నాన్నకి" అంది వాళ్లమ్మ.

"నాన్న ఇన్ని తింటే ఇలా ఉంటాడా?"

"నేనే తింటున్నానే" అన్నాను.

"నువ్వూరుకో నాన్నా. ఎప్పుడూ వెనకేసుకొస్తావ్."

నేను రోజూ సాయంత్రం జంతికలు తింటాను. అరవై ఏళ్లుగా తింటున్నాను. తిన్నది నా ఒంటికి పట్టదు. కానీ గడకర్రలాంటి మనిషి జంతికలన్నీ నేనే తిన్నానంటే నమ్మేవాళ్లు ఉండరు. లావుగా ఉన్న మనిషి తినలేదంటే కూడా అంతే. మనిషిని చూసి ఏం తిన్నదీ తేల్చేస్తారు.

అమ్మాయి బస్సుకు బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి అంది, "అమ్మా, మమ్మల్ని మోసం చేస్తే చేశావ్. నీ మోకాళ్లని చెయ్యలేవు."

మా ఆవిడ "చీకటి పడుతోంది, జాగ్రత్తగా వెళ్లు" అంది. రేపల్లె నుంచి వాళ్లక్క ఫోన్ చేసినప్పుడు కూడా, "నోరు కట్టుకోలేకపోతున్నావంటగా" అని ఆవిడ నవ్వితే, "అవునక్కా" అని పెట్టేసింది. అది నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఎవరితోనైనా వాదించగలిగిన మనిషి.

ఆ తరవాతిసారి క్లినిక్కుకు వెళ్లినప్పుడు డైటీషియన్ ఆవిడను వదిలేసి నన్ను అడిగింది.

"అంకుల్, మీరు చెప్పండి. ఆంటీ లంచ్‌కి ఎంత తింటారు?"

నేను చెప్పలేకపోయాను. పన్నెండున్నరకి నాకు వడ్డిస్తుంది. నేను తిని, పేపరు పట్టుకుని పడుకుంటాను. ఆవిడ వంటిల్లు సర్దుకుని, రెండింటికి ఎప్పుడో తింటుంది. మా అమ్మా అలాగే తినేది, మా అత్తగారూ అలాగే తినేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి కాదు. రిటైరయ్యాక ఇంట్లోనే ఉన్నా పద్ధతి మారలేదు. ఇన్నేళ్ల డైరీల్లో నేను తిన్న ప్రతి కూరా ఉంది. ఆవిడ ఏం తిన్నదో ఒక్క రోజుది కూడా లేదు.

"నేను ముందే తినేస్తానమ్మా" అన్నాను.

"మీరు చూడరా?"

"చూడను."

మా ఆవిడ గోడ మీద పళ్ల బొమ్మల చార్టు వైపు చూస్తూ కూర్చుంది. కిందికి దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగాలి. సగం మెట్లు దిగాక ఆగింది.

"ఇంక రాను."

"మరి ఆపరేషన్?"

"వద్దు. ఉన్నన్నాళ్లూ ఈ మోకాళ్లతోనే కుంటుతాను. నోరు కట్టుకుని చస్తుంటే దొంగతిండి తింటోందంటున్నారు."

"ఎవరూ ఆ మాట అనలేదు."

"అనలేదు. మీరేమన్నారు? చూడనన్నారు."

ఆటోలో ఇంటికి వచ్చాం.

మర్నాడు పన్నెండున్నరకి కంచం పెడితే నేను కూర్చోలేదు.

"ఒంట్లో బాగోలేదా?" అంది.

"బాగానే ఉంది. నువ్వు తినేటప్పుడు తింటాను."

"ఏంటి, కాపలానా?"

"కాదు, సాక్ష్యం."

ఆవిడ కాసేపు నిలబడి చూసింది. "మాడండి అయితే, రెండింటిదాకా" అని లోపలికి వెళ్లింది. రెండింటిదాకా మాత్రం ఆగలేదు. ఒంటిగంటకే ఇద్దరి కంచాలూ బల్ల మీద పెట్టింది. ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరు వడ్డించాలో తెలియక ఒక్క క్షణం ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకున్నాం. తరవాత ఆవిడే లేచి వడ్డించింది.

చిన్న కుక్కరులో అన్నం మొత్తం తన కంచంలో బోర్లించుకుంది. పప్పు, దొండకాయ కూర, చారు, మజ్జిగ. నెయ్యి లేదు, ఆవకాయ లేదు. నెమ్మదిగా తింది. చారు దగ్గరికి వచ్చేసరికి ఆగి మంచినీళ్లు తాగింది. మళ్లీ తింది. మజ్జిగ అన్నం కలుపుకుని చాలాసేపు కంచం వైపు చూస్తూ కూర్చుంది.

"చాలనిపిస్తే వదిలెయ్యి" అన్నాను.

"మొత్తం తినాలంది. తక్కువ తినకూడదంది. మందు సగం మింగి ఊరుకుంటామా?"

ఆ పూటకు అంతే. సాయంత్రం ఏమీ తినలేదు. రాత్రి రెండు పుల్కాలు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున ఆవిడ కప్పు కొలిచి కుక్కరులో పోసేటప్పుడు కూడా వెళ్లి చూశాను. నిండా తీసి, వేలితో పైన చదును చేసి, ఎక్కువైన గింజలు డబ్బాలోకి తోసేసేది. అంత నిక్కచ్చిగా మా బుకింగ్ ఆఫీసులో కూడా ఎవరూ ఉండేవారు కాదు. మాకు మధ్యాహ్నం మాట్లాడుకునే అలవాటు లేదు. ఆ వారం కాసిని మాటలు కూడా నడిచాయి. చిన్నప్పుడు సున్నుండలు దాచి, పక్కింటి వాళ్ల మేకకు పెట్టేదట. నాకు ఇన్నేళ్లలో తెలియదు.

వారం తరవాత, ఒక్కసారి రమ్మని అడిగాను. నేను చూసింది చెప్పాలి, అంతే అన్నాను. మిషన్ ఎక్కించనని నా దగ్గర మాట తీసుకుని వచ్చింది.

డైటీషియన్‌తో నేను నిలబడే చెప్పాను. "అమ్మా, వారం రోజులు ఎదురుగా కూర్చుని చూశాను. పొద్దున రెండే ఇడ్లీలు. మధ్యలో ఏమీ లేదు. మధ్యాహ్నం మీ కప్పుతోనే కొలిచి పోస్తోంది. ఒక్క గింజ ఎక్కువ పొయ్యదు. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. మిగతాది మీరే చూడాలి."

ఆ పిల్ల రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తింది.

"పొయ్యడమేంటంకుల్?"

"కుక్కర్లో."

"కుక్కర్లో ఏం పోస్తారు?"

"బియ్యం."

పెన్ను కింద పెట్టింది. మా ఆవిడ వైపు తిరిగింది.

"ఆంటీ, నేను రైస్ అని చెప్పాను కదా."

"అవునమ్మా, రైసే. సన్నవి, సోనా మసూరి."

"రైస్ అంటే అన్నం ఆంటీ. వండిన అన్నం ఒక కప్పు."

మా ఆవిడ ఆ పిల్లను చూసింది, నన్ను చూసింది. "అన్నాన్ని కొలుస్తారా ఎవరైనా?" అంది.

పొలంలో ఉన్నంతకాలం వరి అంటాం. నూర్చాక ధాన్యం. మిల్లులోంచి వస్తే బియ్యం. ఉడికితే అన్నం. అన్నిటికీ కలిపి ఆ పిల్ల దగ్గర ఒకటే మాట ఉంది. నేను రేపల్లెలో పనిచేసినన్నాళ్లూ మిల్లుల నుంచి సరుకు వచ్చేది. కాగితాల మీద రైస్ అని ఉంటే అది బస్తాలో బియ్యమే. అన్నాన్ని ఎవరూ వ్యాగన్‌కి ఎక్కించరు. రైస్ అంటే బియ్యమని నన్నడిగినా చెప్పేవాణ్ణి, కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఒక కప్పు బియ్యం ఉడికితే మూడు కప్పులకు దగ్గరగా అన్నం అవుతుంది. అదంతా ఆవిడ మందులాగా మింగింది. అంతకుముందు నాకు పెట్టాక గిన్నెలో ఉన్నదేదో తినేది, ఒక్కోరోజు అది ఈ మూడు కప్పుల్లో సగం కూడా ఉండేది కాదట. ఆ సంగతి ఆవిడ అక్కడే, ఆ పిల్లకు చెబుతుంటే విన్నాను.

డైటీషియన్‌కి నవ్వు వచ్చింది. మా ఆవిడ నవ్వడం లేదని చూసి ఆపుకుంది.

"సారీ ఆంటీ. నాదే తప్పు. అన్నం అని చెప్పాల్సింది. ఆ టైమ్‌లో నాకు తట్టలేదు."

"తప్పులు తరవాత చూసుకుందాంలే. మా అమ్మాయి నంబరుందిగా నీ దగ్గర. ఫోన్ చెయ్యి."

"ఇప్పుడా ఆంటీ? స్కూల్లో ఉంటారేమో."

"ఉండనీ. నేను దొంగతనంగా ఏమీ తినలేదని చెప్పు. నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మదు, వాళ్ల నాన్న చెబితే అసలే నమ్మదు."

ఆ పిల్ల ఫోన్ చేసింది. జరిగిందంతా తెలుగులోనే, జాగ్రత్తగా, బియ్యం దగ్గర బియ్యం అని, అన్నం దగ్గర అన్నం అని చెప్పింది. తరవాత ఫోన్ మా ఆవిడ చేతికిచ్చింది. అమ్మాయి ఏమందో నాకు తెలియదు. మా ఆవిడ మాత్రం "ఊ" అంది, మళ్లీ "ఊ" అంది.

"సరేలే. ఏడుపెందుకు, స్టాఫ్ రూములో నలుగురూ ఉంటారు. అన్నం తిన్నావా? బెల్లు కొడతారేమో, తినేసి వెళ్లు."

ఫోన్ తిరిగి ఇచ్చింది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, చెప్పులు విప్పి మిషన్ ఎక్కింది. ఎంత చూపిస్తోందో పైకి చదివి రాసుకోమంది.

ఆటోలో సగం దూరం వచ్చాక నవ్వడం మొదలుపెట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"తినలేక తినలేక తిన్నానండీ" అంది, కళ్లు తుడుచుకుంటూ. "పెళ్లైన కొత్తలో మీ అమ్మ పెట్టినప్పుడు కూడా అంత తినలేదు."

బరువు తగ్గడానికి తరవాత చాలా నెలలే పట్టింది. ఆ నెలల్లో ఆవిడకు మరో రకం ఇబ్బంది వచ్చింది. ఊళ్లో కనిపించినవాళ్లు నన్ను వదిలేసి ఆవిడను ఆపి అడగడం మొదలుపెట్టారు. షుగరా, థైరాయిడా, ఇంట్లో ఏమైనా దిగులా అని. జాకెట్ల ఆయన "అమ్మగారూ, ఒంట్లో బాగుందా" అని మెల్లగా వాకబు చేశాడు. లావుగా ఉంటే ఒక మాట, తగ్గితే ఇంకో మాట. ఆవిడ అందరికీ ఓపికగా, మోకాళ్ల కోసమని చెప్పేది. డాక్టరుగారు చెప్పిన ఎనిమిదిలో ఏడు దగ్గర ఆగిపోయింది. ఆయన అది చాలన్నారు. ముందు ఒక మోకాలు, కొంత వ్యవధి ఇచ్చి రెండోది. ఫిజియోథెరపీ చేయించే ఆమెను మా ఆవిడ తిట్టని రోజు లేదు. అయినా రోజూ చేసింది.

ఈ మధ్య ఇద్దరం రేపల్లె వెళ్లాం. బండి మెట్లు ఆవిడే ఎక్కింది, నేను వెనక నిలబడ్డాను. వాళ్లక్క గుమ్మంలోనే చెల్లెలి భుజాలు పట్టుకుని, కిందికీ మీదికీ చూసి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇదేంటే, ఇలా చిక్కిపోయావు? నీ మొహం చూళ్లేకపోతున్నాను."

"నోరు కట్టుకోలేదన్నావుగా. కట్టుకున్నా."

"నవ్వుతూ అన్నమాటే పట్టుకుంటావా? తింటున్నావా లేదా నిజం చెప్పు. మీ ఆయన తిండి పెడుతున్నాడా?"

"ఆయన ఎదురుగానే తింటున్నానక్కా. అడుగు, ఆయన్నే అడుగు."

వాళ్లక్క నా వైపు తిరిగింది. "ఏం మరిదిగారూ?"

"తింటోంది వదినగారూ. నేను చూస్తూనే ఉన్నాను" అన్నాను.

ఆవిడ నమ్మింది. కాళ్లు కడుక్కోమని చెంబు అందించి, కంచాలు పెట్టడానికి లోపలికి వెళ్లింది.